యూనివర్సిటీ ఉద్యోగాలు ఎక్కడ వెతకాలి? నోటిఫికేషన్ కంటే ముందు నుంచే మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ ముగించే దశలో ఉన్నారు. మీవారికి అకౌంట్స్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. ఇద్దరికీ ఒకే యూనివర్సిటీలో, లేదంటే కనీసం ఒకే ఊళ్లో పని దొరికితే బాగుండునని చూస్తున్నారు, దేశం ఏదైనా ఫర్వాలేదు. నాలుగు నెలలుగా గూగుల్‌లో వెతుకుతున్నా తగిలేవన్నీ గడువు దాటిన ప్రకటనలే. అసలు యూనివర్సిటీలు ఖాళీలను ఎక్కడ పెడతాయి, కాస్త ముందుగా తెలిసే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఖాళీ మొదట పడేది ఆ యూనివర్సిటీ సొంత ఉద్యోగాల పేజీలో. బయట కనిపించే వాటిలో చాలావరకు దాన్ని చూసి ఎత్తి రాసుకున్నవే. కాబట్టి "యూనివర్సిటీ జాబ్స్" అని గూగుల్‌లో కొట్టడం ఆపేయండి. మీకు సరిపడే యూనివర్సిటీలు పది పదిహేను ఎంచుకుని, ఒక్కోదాని సొంత పేజీలో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోండి. దానికి తోడు మీ సబ్జెక్టు సంఘం నడిపే జాబ్ బోర్డు ఒకటి చాలు. ఇంకో ముఖ్యమైన సంగతి: నోటిఫికేషన్ పడేసరికే నియామకం సగం దారి నడిచేసి ఉంటుంది. అంతకుముందు నెలల తరబడి జరిగే తతంగంలో కొంత బయటికి కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే మీరు అందరికంటే ముందుంటారు.

నా గురించి ఒక్క మాట. పదిహేడేళ్లుగా యూనివర్సిటీ ఆఫీసుల్లోనే ఉన్నాను. మొదట ఒక డిపార్ట్‌మెంట్‌లో క్లర్కుగా చేరాను, తర్వాత హెచ్ఆర్‌కి మారాను. ఎంపిక కమిటీలకు దరఖాస్తులు సర్దిపెట్టడం, ఇంటర్వ్యూ తేదీలు కుదర్చడం, చివర్లో "క్షమించండి" ఉత్తరాలు పంపడం నా పని. కమిటీలో ఓటు వేసినవాణ్ని కాదు గానీ, చాలాసార్లు ఆ గదిలో కూర్చున్నవాణ్ని.

గూగుల్‌లో చచ్చిన ప్రకటనలే ఎందుకు వస్తాయి?

చాలా యూనివర్సిటీలు నియామకాలకు వర్క్‌డే, పేజ్‌అప్, పీపుల్‌అడ్మిన్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతాయి. అందులో ఖాళీల జాబితా మీరు వెతికినప్పుడు అప్పటికప్పుడు తయారవుతుంది. సెర్చ్ ఇంజన్‌కి అది ఆలస్యంగా దొరుకుతుంది, ఒక్కోసారి అసలు దొరకదు. ఈలోగా పోగేసే సైట్లు ఆ ప్రకటనను కాపీ కొట్టి తమ దగ్గర పెట్టుకుంటాయి. అసలుది తీసేసినా కాపీ అలాగే ఉండిపోతుంది. మీకు తగిలేది ఆ కాపీ.

దీనికి నేనూ బలయ్యాను. ఉద్యోగం మారదామని చూస్తున్న రోజుల్లో ఒక సైట్లో నెలాఖరు గడువు అని చూసి, నింపాదిగా కవర్ లెటర్ రాసుకుంటూ కూర్చున్నాను. అసలు పేజీలో గడువును వారం తగ్గించేశారు. అది కాపీలోకి రాలేదు. రోజూ ఇదే పని చేసే నాకే ఇలా జరిగింది. అప్పటి నుంచి ఎక్కడ ప్రకటన కనిపించినా ముందు దాని రిఫరెన్స్ నంబరు తీసుకుని, అసలు పేజీలో ఆ నంబరు కొట్టి చూస్తాను. అక్కడ లేకపోతే లేనట్టే. గడువు ఏ దేశపు టైమ్‌లో లెక్కో కూడా అక్కడే చూసుకోండి.

యూనివర్సిటీ అంటే ఒక్క యజమాని కాదు

కొత్తవాళ్లకు తెలియనిది ఇదే. పేరు ఒకటే అయినా లోపల తలుపులు చాలా ఉంటాయి. కేంబ్రిడ్జ్‌నే తీసుకోండి. అక్కడ యూనివర్సిటీ వేరు, 31 కాలేజీలు వేరు. ఒక్కో కాలేజీ సొంతంగా మనుషుల్ని తీసుకుంటుంది. పీహెచ్‌డీ కొత్తగా అయినవాళ్లకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఎక్కువగా కాలేజీలు ఇచ్చేవే. యూనివర్సిటీ పేజీ ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటే వాటిలో చాలా తప్పిపోతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ పేరు కింద పది క్యాంపస్‌లు ఉన్నాయి. వాటిలో అధ్యాపక, పరిశోధన పోస్టులు ఒక సిస్టమ్‌లో పడతాయి, బోధనేతర సిబ్బంది పోస్టులు ఇంకో సైట్లో పడతాయి. మీరు ఒకదాంట్లో, మీవారు ఇంకోదాంట్లో వెతకాలన్నమాట.

మెడికల్ కాలేజీ ఉన్నచోట ఆసుపత్రికి వేరే పేజీ ఉండొచ్చు. విరాళాలు సేకరించే ఫౌండేషన్ చట్టరీత్యా వేరే సంస్థ కావొచ్చు. యూనివర్సిటీ ప్రెస్, అనుబంధ పరిశోధన కేంద్రాలదీ అదే సంగతి. క్యాంటీన్, సెక్యూరిటీ లాంటివి బయటి కాంట్రాక్టర్ చేతిలో ఉంటే ఆ ఉద్యోగాలు యూనివర్సిటీ పేజీలో కనిపించనే కనిపించవు. కాబట్టి జాబితా రాసుకునేటప్పుడు పేరు పక్కన దాని తలుపులన్నీ రాసుకోండి. ఒక్కో యూనివర్సిటీకి అరగంట పడుతుంది, ఒక్కసారి చేస్తే చాలు.

ముందుగా మీవారి సంగతి

సిబ్బంది ఉద్యోగాల్లో జనం ఓడిపోయేది పోస్టు పేరు దగ్గర. యూనివర్సిటీల్లో పోస్టుల పేర్లు గ్రేడు కోసం పెట్టినవి, పని చెప్పడానికి కాదు. మా దగ్గర "ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ 2" అని ఒక పోస్టు పడింది. నిజానికి అది ల్యాబ్ మేనేజర్ పని. ల్యాబ్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు ఒక్కరూ అప్లై చేయలేదు. ఈవెంట్లు నడిపినవాళ్లు మాత్రం డెబ్భై మంది చేశారు! చివరికి మళ్లీ ప్రకటన వేయాల్సి వచ్చింది.

మీవారు "అకౌంటెంట్" అని మాత్రమే వెతికితే పావు వంతు కూడా కనిపించవు. పరిశోధన బాగా జరిగే యూనివర్సిటీల డబ్బులో పెద్ద భాగం పరిశోధన గ్రాంట్లది, అంటే ప్రాజెక్టుల కోసం బయటి సంస్థలు ఇచ్చే నిధులది. ఆ గ్రాంటు వచ్చేముందు బడ్జెట్ వేసి ప్రతిపాదన పంపే పనిని ప్రీ-అవార్డ్ అంటారు. వచ్చాక ఖర్చులు చూడటం, నిధులిచ్చిన సంస్థకు లెక్క అప్పజెప్పడం, ఆడిట్‌కి సమాధానం చెప్పడం పోస్ట్-అవార్డ్. ఈ రెండోది అచ్చంగా అకౌంట్స్ మనిషి పని, కానీ ప్రకటనలో పేరు "రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్", "గ్రాంట్స్ ఆఫీసర్", "రీసెర్చ్ ఫైనాన్స్ పార్ట్‌నర్", "స్పాన్సర్డ్ ప్రోగ్రామ్స్ స్పెషలిస్ట్" అని ఉంటుంది. పనికొచ్చే మనిషి దొరక్క ఈ పోస్టులు నెలలు ఖాళీగా ఉండటం నేను చూశాను. ఈ వృత్తికి అమెరికాలో ఎన్‌కురా, బ్రిటన్‌లో ఆర్మా అని సంఘాలు కూడా ఉన్నాయి. వాటిలో ఖాళీలు చూడొచ్చు, అంతకంటే ముఖ్యంగా ఈ పని భాష నేర్చుకోవచ్చు. దరఖాస్తులో ఆ భాష కనిపిస్తే ఎంపిక చేసేవాళ్ల ముఖం మారుతుంది.

సిబ్బంది విషయంలో ఇంకో రెండు సంగతులు. కొన్నిచోట్ల పోస్టును మొదట కొన్ని రోజులు లోపలి ఉద్యోగులకే తెరుస్తారు. యూనియన్ ఒప్పందం వల్ల కావొచ్చు, పాత పోస్టు పోయిన ఉద్యోగులకు ముందు అవకాశం ఇవ్వాలన్న నియమం వల్ల కావొచ్చు. అందుకే యూనివర్సిటీ సొంత టెంపరరీ సిబ్బంది విభాగం ఉంటే దాన్ని చిన్నచూపు చూడొద్దు. మూడు నెలల సెలవు భర్తీకి వచ్చిన మనిషికి చాలాచోట్ల లోపలి పేజీ కూడా కనిపిస్తుంది. నేను మొదట చేరింది అలాగే, ఒకరి ప్రసూతి సెలవులో. ఇక బ్రిటన్ లాంటి చోట ప్రకటనతో పాటు అర్హతల పట్టిక ఇస్తారు, తప్పనిసరి అని కొన్ని, ఉంటే మంచిది అని కొన్ని. తప్పనిసరి వాటిలో ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ రాయాలి. కమిటీ ఆ పట్టిక ముందు పెట్టుకుని మార్కులు వేస్తుంది. అందులో లేని గొప్పలు ఎన్ని రాసినా లెక్కలోకి రావు.

ఇక మీ సంగతి: పోస్ట్‌డాక్‌కి ఒక దారి, అధ్యాపక పోస్టుకు ఇంకో దారి

అధ్యాపక పోస్టులకు రుతువులున్నాయి. అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబరు లోపల పడతాయి. చేరేది మరుసటి ఏడాది ఆగస్టులో. మార్చిలో వెతుకుతూ "ఏమీ లేవు" అనుకుంటే అది మీ తప్పు కాదు, అప్పటికి జాతర అయిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి. ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం ఫిబ్రవరి, మార్చిలో మొదలవుతుంది, లెక్క దాన్నిబట్టి వేసుకోవాలి.

పోస్ట్‌డాక్‌లకు, అంటే పీహెచ్‌డీ తర్వాత ఒక ల్యాబ్‌లో కొన్నేళ్ల గడువుతో చేసే పరిశోధన పోస్టులకు, రుతువు లేదు. గ్రాంటు ఎప్పుడొస్తే అప్పుడే. వీటిలో చాలా పోస్టులు ప్రకటన పడేనాటికే ఎవరో ఒకరి చెవిన పడి ఉంటాయి. ఇది కుట్రేమీ కాదు. గ్రాంటు రాగానే ప్రొఫెసర్ తనకు తెలిసినవాళ్లకు మెయిల్ పెడతారు, ఆ తర్వాతే హెచ్ఆర్‌కి కాగితాలు వస్తాయి. ఆ కాగితాలు మా దగ్గర నలిగి ప్రకటనగా బయటికి వచ్చేసరికి ఆరు వారాలు, రెండు నెలలు ఇట్టే గడిచిపోయేవి.

ఆ రెండు నెలలే మీ అవకాశం. గ్రాంటు ఎవరికి వచ్చిందో ఎవరైనా చూడొచ్చు. అమెరికాలో ఆరోగ్య పరిశోధనకు ఎన్ఐహెచ్ రిపోర్టర్, మిగతా విజ్ఞానశాస్త్రానికి ఎన్ఎస్ఎఫ్ అవార్డ్ సెర్చ్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్, యూరోపియన్ యూనియన్ నిధులకు కార్డిస్. ఇవన్నీ ఉచితం. మీ అంశం పేరు కొట్టి, ఈమధ్యే మొదలైన ప్రాజెక్టులను చూడండి. ప్రాజెక్టు నడిపేది ఎవరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది అక్కడ ఉంటుంది, చాలావాటికి ఎంత డబ్బో కూడా. నాలుగేళ్ల గ్రాంటు పోయిన నెలలో మొదలై, ల్యాబ్ పేజీలో ఇద్దరు విద్యార్థులే కనిపిస్తుంటే, అక్కడ మనిషి కావాలని వేరే చెప్పాలా?

మెయిల్ చిన్నదిగా రాయండి. ఆ ప్రాజెక్టులో ఏ భాగం మీరు చేయగలరో రెండు వాక్యాలు, మీరు చేసిన పని నుంచి ఒక ఫలితం, ఎప్పటి నుంచి ఖాళీ, సీవీ జతచేశాను. అంతే. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ విశిష్ట పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది" అని మొదలయ్యే మెయిల్స్ వందల్లో వస్తాయి. వాటిని రెండో వాక్యం దాకా చదివినవాళ్లను నేను చూడలేదు. మా డిపార్ట్‌మెంట్‌కి వచ్చిన ఒకమ్మాయి గ్రాంటు సారాంశంలోని మూడో లక్ష్యాన్ని పట్టుకుని, "ఈ పద్ధతి నేను రెండేళ్లు చేశాను, ఇక్కడ మీకు ఫలానా ఇబ్బంది వస్తుంది" అని రాసింది. ప్రకటన తర్వాత పడింది, పద్ధతి ప్రకారం ఇంటర్వ్యూలూ జరిగాయి. ఆమే వచ్చింది.

సొంతంగా ఖాళీ పుట్టించుకునే దారి కూడా ఉంది. యూరప్‌లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ అలాంటిదే. ముందు మిమ్మల్ని తీసుకునే ప్రొఫెసర్‌ని ఒప్పించి, ఇద్దరూ కలిసి ప్రతిపాదన పంపాలి. గడువు మామూలుగా సెప్టెంబరులో ఉంటుంది, మాట కలపడం వేసవికి ముందే మొదలవ్వాలి. పోటీ గట్టిదే.

అధ్యాపక పోస్టు వచ్చే ముందు కూడా సూచనలు కనిపిస్తాయి. ఎవరో రిటైరవుతున్నట్టు డిపార్ట్‌మెంట్ వార్తల్లో రాస్తారు. కొత్త కోర్సు ప్రకటిస్తారు, దాన్ని చెప్పే మనిషి మాత్రం జాబితాలో ఉండరు. కొత్త భవనమో, కొత్త కేంద్రమో వస్తుంది. వీటిలో రిటైర్మెంట్‌ని మరీ నమ్ముకోకండి. ఖాళీ అయిన పోస్టు అదే డిపార్ట్‌మెంట్‌కి తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు. డబ్బు యూనివర్సిటీ కేంద్ర కార్యాలయానికి పోయి, వేరే విభాగంలో తేలడం నేను ఎన్నోసార్లు చూశాను.

జాబ్ బోర్డుల గురించి త్వరగా చెప్పేస్తాను. మీ సబ్జెక్టుకు అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ వాళ్లది, వాటికి తోడు నేచర్ కెరీర్స్, సైన్స్ కెరీర్స్ చూడండి. బ్రిటన్‌కి 1998 నుంచి ఉన్న జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, అమెరికాకు హయ్యర్‌ఎడ్‌జాబ్స్, యూరప్‌కి యూరాక్సెస్, నెదర్లాండ్స్‌కి అకడమిక్ ట్రాన్స్‌ఫర్, జపాన్‌కి జేఆర్ఈసీ-ఇన్. భారత్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయాల అధ్యాపక పోస్టుల కోసం యూజీసీ 2023లో సీయూ-చయన్ అనే ఉమ్మడి పోర్టల్ తెచ్చింది. ఇది చదివే వేరే సబ్జెక్టుల వాళ్ల కోసం: గణితానికి మ్యాథ్‌జాబ్స్, ఆర్థికశాస్త్రానికి అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ నడిపే జేఓఈ, తత్వశాస్త్రానికి ఫిల్‌జాబ్స్.

ప్రకటన చదివేటప్పుడు

హోదా పేర్లు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో లెక్చరర్ అంటే దాదాపు అమెరికా అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానం. అమెరికాలో లెక్చరర్ అంటే ఎక్కువగా బోధనకే పరిమితమైన, టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హోదా) దారిలో లేని పోస్టు. ఆస్ట్రేలియాలో ఎ నుంచి ఇ దాకా అయిదు స్థాయిలు, లెక్చరర్ అందులో రెండోది, అంటే బి. పేరు చూసి వదిలేయకండి, పేరు చూసి మురిసిపోనూ వద్దు.

గడువు ఉన్న ఒప్పందమా, శాశ్వతమా అన్నది మొదటి పేరాలోనే వెతకండి. జర్మనీలో యూనివర్సిటీ పరిశోధకులకు ఇలాంటి గడువు ఒప్పందాలపై చట్టపరమైన పరిమితి ఉంది. పీహెచ్‌డీ తర్వాత సాధారణంగా ఆరేళ్లు, వైద్యంలో తొమ్మిదేళ్లు. మీరు అక్కడ మొదటి పోస్ట్‌డాక్ తీసుకున్న రోజే ఆ గడియారం కదులుతుంది.

"ఓపెన్ అంటిల్ ఫిల్డ్" (భర్తీ అయ్యేదాకా తెరిచే ఉంటుంది) అని ఉంటే తొందరేం లేదనుకోకండి. దాని పక్కనే "పరిశీలన ఫలానా తేదీన మొదలవుతుంది" అని ఉంటుంది, అసలు గడువు అదే. ఆ తేదీ తర్వాత వచ్చిన దరఖాస్తులను మా కమిటీలు మొదటి విడత విఫలమైతేనే తెరిచేవి. "పూల్" అని ఉన్నవి ఇంకో రకం. పార్ట్‌టైమ్ బోధకుల కోసం ఏడాదంతా తెరిచి ఉంచే బుట్ట అది. ఈరోజు ఖాళీ ఉందని దానర్థం కాదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు ఎవరైనా మానేస్తే ఆ బుట్టలో చెయ్యి పెడతారు.

మరీ వింతగా ఇరుకైన అర్హతలు, ఒక్క వారం గడువు కనిపిస్తే మనిషి ముందే ఉన్నాడేమో అన్న అనుమానం సహజం. కొన్నిసార్లు నిజమే. అమెరికాలో ఇప్పటికే పనిచేస్తున్న విదేశీ ఉద్యోగి గ్రీన్‌కార్డు ప్రక్రియ కోసం, నిబంధనల ప్రకారం అదే పోస్టుకు ప్రకటన వేయాల్సి వస్తుంది. అయితే ఒక్కసారి కూడా లోపలి మనిషి ఓడిపోలేదనుకోకండి. నా అనుభవంలో ఓడిపోయినవాళ్లు ఉన్నారు, ఆ తర్వాత ఆఫీసులో వాతావరణం ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. మీ అర్హతలు నిజంగా సరిపోతే వేయండి. సగమే సరిపోతే ఆ సాయంత్రాన్ని ఇంకో దరఖాస్తుకు ఇవ్వండి.

దరఖాస్తు చేసిన సంగతి ఇప్పుడున్న చోట తెలియకూడదనుకుంటే ఒక జాగ్రత్త. స్వీడన్‌లో ప్రభుత్వ యూనివర్సిటీకి పంపిన దరఖాస్తు బహిరంగ పత్రం కిందకి వస్తుంది, ఎవరైనా అడిగి చూడొచ్చు.

మోసాల గురించి ఒక్క ముక్క. ఉద్యోగం ఇస్తామంటూ ప్రాసెసింగ్ ఫీజో, వీసా డిపాజిట్టో అడిగితే, మెయిల్ యూనివర్సిటీ డొమైన్ నుంచి రాకపోతే, ఇంటర్వ్యూ లేకుండానే ఆఫర్ వస్తే, అక్కడితో ఆపేయండి. కొన్ని సంస్థలు నోటిఫికేషన్‌లోనే దరఖాస్తు రుసుము పెడతాయి, అది వేరే విషయం. అది కూడా అధికారిక పోర్టల్ లోపలే కట్టాలి.

ఇద్దరికీ ఒకేచోట

దీనికి పేరే ఉంది, డ్యుయల్ కెరీర్. అమెరికాలో హెర్క్ అనే లాభాపేక్షలేని సంస్థ సైట్‌లో ఇద్దరి వృత్తులూ ఇచ్చి ఒకే ప్రాంతంలో ఖాళీలు వెతికే సదుపాయం ఉంది. జర్మనీలో యూనివర్సిటీల డ్యుయల్ కెరీర్ నెట్‌వర్క్ ఉంది. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. ఇవి ఉద్యోగం ఇప్పించవు. దారి చూపిస్తాయి, నలుగురికి పరిచయం చేస్తాయి.

ఎప్పుడు చెప్పాలన్నదే చిక్కు. కవర్ లెటర్‌లో "మావారికి కూడా" అని రాయొద్దు. ఆఫర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు అడగండి. మీ మాటకు బరువుండే రోజులు అవే. ఒక పోస్ట్‌డాక్ కోసం యూనివర్సిటీ కొత్త పోస్టు సృష్టించదు, ప్రొఫెసర్ స్థాయి వాళ్లకే అలాంటివి జరుగుతాయి, వాళ్లకూ అరుదే. కానీ మీవారి సీవీని పరిశోధన ఫైనాన్స్ ఆఫీసుకి పంపించమంటే చాలామంది సంతోషంగా పంపిస్తారు. మీ ఇద్దరి విషయంలో నాకైతే ఇంకో ఆలోచన వస్తోంది. శాశ్వత పోస్టు ముందు దొరికే అవకాశం మీకంటే మీవారికే ఎక్కువ. ఆయనకు పెద్ద యూనివర్సిటీ ఉన్న ఊళ్లో పోస్ట్-అవార్డ్ పని దొరికితే, ఆ చుట్టుపక్కల ల్యాబ్‌ల గ్రాంట్లు చూసుకుంటూ మీరు పోస్ట్‌డాక్ వెతుక్కోవచ్చు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. వీసా ఎవరి పేరు మీద, రెండోవాళ్లకు పని చేసే అనుమతి ఉందా అన్నది మాత్రం ముందే ఆ యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగాన్ని అడగండి, నియమాలు దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి.

మీవారి ఆరేళ్లలో ప్రభుత్వ నిధుల లెక్కలు గానీ, ట్రస్టు ఆడిట్ గానీ ఏమైనా ఉన్నాయా? మీ థీసిస్‌లో ఏ పద్ధతి మీద ఎక్కువ కాలం పనిచేశారు? ఈ రెండూ కింద రాస్తే, ఏ పేర్లతో వెతకాలో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.